బానెట్ లేపినప్పుడు

తొర్రూరులో ఆదివారం పొద్దున ఎవరైనా బండి బానెట్ లేపారంటే ఆ వాడలో సగంమంది గొంతు తగ్గిస్తారు. అంట్లు తోముకునే ఆడవాళ్లు గిన్నెల చప్పుడు ఆపరు గానీ మాటలు ఆపుతారు. బానెట్ లేచి ఉన్నంతసేపూ దాని దగ్గర ఎవరేమన్నా ఆ మాట ఇంజన్ మసిలోకి దిగి, కొన్నాళ్లు అక్కడే ఊరుతుంది. తర్వాత ఎప్పుడైనా బండి నిలబడి, ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, అన్నవాళ్ల గొంతుతోనే బయటికి వస్తుంది. ముందన్నది ముందు, వెనకన్నది వెనక. బండి కదిలితే ఆగిపోతుంది, మళ్లీ నిలబడితే మళ్లీ మొదటి నుంచి మొదలు.

ఆ వాడలో ఉండే కరుణాకర్ ఎదురింటి ఎర్రయ్య ట్రాలీ ఆటో బస్టాండు దగ్గర ఆగిన ప్రతిసారీ "మా ఇంటిదాని పప్పు కుక్కలు గూడ ముట్టవు" అంటుంది. ఎర్రయ్య భార్య ఆ ఆటో ఎక్కడం మానేసి చాలా కాలమైంది. పప్పు మాత్రం పట్టుబట్టి రోజూ అదే వండుతుంది.

కంపెనీ షోరూంలో సర్వీసుకిచ్చే కార్లు మాట్లాడవు. అక్కడ ఏదో మందు పోసి లోపలి మసంతా కడిగి పారేస్తారట. దానికి వాళ్లు వేసే బిల్లు చూస్తే మనిషికే మాట పడిపోతుంది. అందుకే వాకిట్లో మాట్లాడని కారుందంటే ఆ ఇల్లు కలిగిన ఇల్లని లెక్క. బండి తామే బాగుచేసుకునే వాళ్ల కార్లు వాగుతుంటాయి, వాళ్లు దిక్కులు చూస్తుంటారు.

కరుణాకర్ కారు మాట్లాడే కారే. అతను దంతాలపల్లి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్తాడు. అదే బడిలో సైన్సు చెప్పే ప్రేమ్‌సింగ్, అతనూ చెరి సగం వేసుకుని కొన్న పాత కారది. కాగితాలు ఒక్కరి పేరు మీదే అవుతాయి కాబట్టి పెద్దవాడని కరుణాకర్ పేరు రాయించారు. ప్రేమ్‌సింగ్ వెనక వీధిలో అద్దెకుంటాడు, వాళ్లింటి ముందు చోటు లేదు కాబట్టి కారు కరుణాకర్ వాకిట్లోనే ఉంటుంది.

కొన్న రోజు ప్రేమ్‌సింగ్ వాళ్ల అమ్మ కమ్లీ తండా నుంచి వచ్చింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, బానెట్ లేపమని చెప్పి, ఇంజన్‌కు పసుపూ కుంకుమా పెట్టి, తమ భాషలో ఒక పాట పాడింది. పాట చిన్నదే. కరుణాకర్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, పాడుతూ పాడుతూ ఆమె కొడుకుతో పాటు అతని తల మీద కూడా చెయ్యి పెట్టడం గుర్తుంది. పోయిన వానాకాలం కమ్లీ జ్వరమొచ్చి చనిపోయింది. అప్పటి నుంచి ప్రేమ్‌సింగ్ పొద్దున కారెక్కగానే బయల్దేరనివ్వడు. "జర ఉండన్నా, యాడి పాట ఇననీ" అంటాడు. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఇంజన్ గుర్రుమంటూ ఆ పాట పాడుతుంటే కళ్లు మూసుకుని వింటాడు. అది పూర్తయ్యాకే బడికి.

అందుకని ఆ కారును షోరూం గడప తొక్కనివ్వలేదు. రెండు నెలలకో ఆదివారం ఇద్దరూ లుంగీలు ఎగగట్టి తామే ట్యూనింగ్ చేసుకునేవాళ్లు. కరుణాకర్ ఆయిల్ మట్టం చూసి ఎయిర్ ఫిల్టర్ దులిపేవాడు. ప్రేమ్‌సింగ్ ప్లగ్గులు విప్పి గరుకు కాగితంతో పైపైన, పసిపిల్ల మూతి తుడిచినంత మెల్లగా రుద్దేవాడు. లోపలి మసి జోలికి పోయేవాడు కాదు. మాటల్లేవు, అన్నీ సైగలే. వేలు చూపిస్తే పానా, గుప్పిట చూపిస్తే గుడ్డపేలిక. పనయ్యాక ప్రేమ్‌సింగ్ బానెట్‌ను రెండు అరచేతులతో టక్కున నొక్కేదాకా ఇద్దరూ నోరు విప్పేవాళ్లు కాదు. విప్పాక మాత్రం వాడంతా వినపడేలా నవ్వుకునేవాళ్లు. బానెట్ నొక్కే పని ప్రేమ్‌సింగ్‌దే. కరుణాకర్‌కు దాన్ని పైనుంచి వదిలేయడం అలవాటు. అలా వదిలితే అది ఒక్క కొక్కెం మీదే ఆగుతుంది, చూడటానికి మూసినట్టే ఉంటుంది.

అలాంటి ఒక ఆదివారం కరుణాకర్ బామ్మర్ది రోహిత్ హైదరాబాదు నుంచి అక్కను చూడటానికి కొత్త కారులో దిగాడు. ఆ కారు వాకిట్లో నిలబడి ఎంతసేపు తిరిగినా చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు. నల్లద్దాలు పెట్టుకుని దిగిన రోహిత్, చేతుల నిండా నలుపుతో ఉన్న ప్రేమ్‌సింగ్‌ను చూసి, "మేస్త్రీ, అయినంక నాదానికి జర టైర్లల్ల గాలి చూడు" అన్నాడు.

ప్రేమ్‌సింగ్ నవ్వి కరుణాకర్ వైపు చూశాడు. ఇప్పుడు అన్న చెప్తాడులే అన్న నవ్వది. కరుణాకర్ గబగబా బానెట్ దించి వదిలేసి, "లోపటికి రా రోహిత్, చాయ్ తాగుదువు" అన్నాడు. ప్రేమ్‌సింగ్ నవ్వు కాస్త సన్నబడింది. అంతలో భార్య శోభ ఫోన్ చేస్తే, చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

"ఇంకా ఇంట్లనేనా బావా రిపేర్లు?" అన్నాడు రోహిత్, కారుకు ఆనుకుని. "షోరూంలిస్తే అయిపాయె గద. ఇంతకూ ఎవరాయన? మేస్త్రీ కాదా?"

ఏం పుట్టిందో కరుణాకర్‌కు. పాత కారు, నూనె లుంగీ, ఎదురుగా నల్లద్దాలు. కారు కూడా సగమేనని చెప్పడానికి నామోషీ అయింది. "వాడా? తండోడు. మా బళ్లెనే ఏదో చేస్తడు. రోజు కార్ల ఎక్కించుకపోత గద, గందుకు పానాలు అందియ్య వస్తడు. కారుల వానికేం లేదు, కారు నాది."

అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినపడింది. రోహిత్ అప్పటికే ఫోన్ చూసుకుంటున్నాడు, అతనికి ఆ మాట గుర్తుండేంత పెద్దది కూడా కాదు.

సాయంత్రం రోహిత్ వెళ్లిపోయాక, కరుణాకర్ భార్య స్వప్న వాకిలి ఊడుస్తూ కారు దగ్గర ఆగింది. బానెట్ అంచు కింద వేలు పెట్టి చూసింది. వేలు దూరింది. బానెట్‌ను గట్టిగా నొక్కి మూసింది.

"పొద్దున నువ్వన్నది కిటికీలకెళ్లి నేనిన్న" అంది. "నేనే కాదు, బండి గూడ ఇన్నది."

కరుణాకర్ ఆ రాత్రే పోయి చెప్పేస్తే సరిపోయేది. మర్నాడు చెబుదామనుకున్నాడు, ప్రేమ్‌సింగ్ టిఫిన్ డబ్బాలో శోభ పంపిన జొన్నరొట్టె అతని చేతిలో పెట్టాడు. ఆ మర్నాడు చెబుదామనుకున్నాడు. బదిలీల కౌన్సెలింగ్ వస్తోందని, శోభ పుట్టింటి వైపు భూపాలపల్లిలో ఖాళీ ఉందని, ఆమె పోదామని ఒకటే పోరని ప్రేమ్‌సింగ్ చెప్పుకొచ్చాడు. "నేను పోనన్న. అన్నను ఇడిసిపెట్టి ఏడికి పోత?" అని నవ్వాడు. కరుణాకర్ రోడ్డు వైపే చూస్తూ నడిపాడు. చెప్పాల్సిన మాట రోజుకింత బరువెక్కి, చివరికి నాలుక లేపలేనంతయింది.

మాట ఊరేలోపు ఏదో ఒకటి చెయ్యాలి. శనివారం కడుపునొప్పని సెలవు పెట్టి, ప్రేమ్‌సింగ్ బస్సులో బడికి పోయాక, కారు తీసుకుని హనుమకొండ షోరూంకి పోయాడు.

లోపల చల్లగా ఉంది. టై కట్టుకున్న కుర్రాడు కారు బానెట్ లేపి చూసి, చేతిలో పలకలాంటిదాని మీద టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. "మసి బాగా పట్టింది సార్. డీకార్బనైజింగ్ చేస్తే ఒక్క మాట కూడా మిగలదు. ప్లగ్గులు కూడా కొత్తవి వేస్తాం. కాకపోతే మంచివేమైనా ఉంటే అవి కూడా పోతాయి. పర్వాలేదా?"

కరుణాకర్‌కు కమ్లీ చెయ్యి తల మీద పెట్టినట్టే అనిపించింది. అయినా అన్నాడు. "ఓ ముసలామె పాట ఉన్నది. పోతే పోనియ్యిన్రి. ఆమెనే లేదు, ఇంకెవరడుగుతరు?"

బిల్లు చూస్తే కళ్లు తిరిగాయి. బేరమాడలేదు. తప్పు చేసినవాడు బేరమెక్కడ ఆడతాడు? సాయంత్రానికి కారు చేతికిచ్చారు. బానెట్ కింద ఇంజన్ కొత్త ఇత్తడి చెంబులా మెరిసింది, కిక్కురుమనలేదు. ఇంటికొచ్చేసరికి స్వప్న ఆ నిశ్శబ్దం విని అంతా అర్థం చేసుకుంది. అన్నం పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు.

సోమవారం ప్రేమ్‌సింగ్ కారెక్కి కళ్లు మూసుకున్నాడు. పాట రాలేదు.

"ఆయిల్ మార్పిచ్చిన" అన్నాడు కరుణాకర్.

కొత్త ఆయిల్ పోశాక కొన్నాళ్లు ఏ బండీ మాట్లాడదు, అది అందరికీ తెలిసిందే. "నేను లేకుంటనేనా అన్నా?" అని మాత్రం అన్నాడు ప్రేమ్‌సింగ్. తర్వాత తానే సర్దుకుని, "మంచిదే తీ, ఆయిల్ కుదురుకున్నంక అస్తది" అన్నాడు. ఆ వారమంతా రోజూ పొద్దున కళ్లు మూసుకుని కాసేపు కూర్చునేవాడు. రాని పాట కోసం అలా కూర్చున్న మనిషి పక్కన స్టీరింగ్ పట్టుకుని ఉండటం కన్నా, నలుగురిలో చెప్పుదెబ్బ తినడం నయమనిపించింది కరుణాకర్‌కు. ఇంకెన్నాళ్లకూ రాదని తెలిసింది అతనొక్కడికే.

వడ్లు కొనే రోజులవి. ఒక పొద్దున దంతాలపల్లి ఇంకా రాకముందే, కొనుగోలు సెంటరు ముందు ట్రాక్టర్లు రోడ్డు నిండా బారులు తీరి ఉన్నాయి. కారు ఆపాల్సొచ్చింది. ఇంజన్ ఊరికే తిరుగుతోంది. బయట ఎవరో హమాలీలు అరుచుకుంటున్నారు. ఆ అరుపుల మధ్య, సన్నగా, కమ్లీ గొంతు లేచింది.

పాట బతికే ఉంది! షోరూంవాళ్లు పైపైన నురగ పూసి, తుడిచి, కొత్త ఆయిల్ పోసి, ముక్కు పిండి పైసలు తీసుకుని పంపారన్నమాట. ఒక్క క్షణం కరుణాకర్‌కు సంతోషంతో ఏడుపొచ్చింది. మరుక్షణం తట్టింది, పాట మిగిలిందంటే తక్కినవీ మిగిలినట్టే.

తాళం తిప్పి ఇంజన్ ఆపబోయాడు. ప్రేమ్‌సింగ్ కళ్లు తెరవకుండానే అతని మణికట్టు పట్టుకున్నాడు. "జర ఉండన్నా. ఎన్ని దినాలకచ్చింది! అయిపోనీ."

పాట అయిపోయింది. ఆ వెనకాలే రోహిత్ గొంతు, దాని వెంట ఇంజన్‌లోంచి కరుణాకర్ గొంతు వచ్చింది. తండోడు. పానాలు అందియ్య వస్తడు. కారుల వానికేం లేదు. ప్రేమ్‌సింగ్ కళ్లు తెరిచాడు, చెయ్యి మాత్రం అలాగే ఉంది. ఆ తర్వాత షోరూం కుర్రాడి గొంతు. ఆ తర్వాత మళ్లీ కరుణాకర్. ఓ ముసలామె పాట ఉన్నది, పోతే పోనియ్యిన్రి. ఆమెనే లేదు, ఇంకెవరడుగుతరు?

అప్పుడు వదిలాడు మణికట్టును. ముందు ట్రాక్టరు కదిలింది, వెనక హారన్లు మోగుతున్నాయి, కరుణాకర్‌కు గేరు వెయ్యడం కూడా తోచలేదు.

"యాడి పాటల ఏమున్నదో నీకెన్నడు చెప్పలే" అన్నాడు ప్రేమ్‌సింగ్ మెల్లగా. "నా ఇద్దరు కొడుకులను ఎక్కిచ్చుకున్న బండీ, ఇద్దర్నీ చల్లగ ఇంటికి తోల్కరా అన్నది. మా యాడికి నేనొక్కన్నే కొడుకును."

సంచీ తీసుకుని తలుపు తెరిచాడు. దిగాక ఒకసారి వంగి, "మీరు పోన్రి సార్. నేను నడుసుకుంటొస్త" అన్నాడు.

అన్నా అని పిలిచే నోటితో సార్ అన్నాడు, నువ్వు అనే నోటితో మీరు అన్నాడు. తిట్టినా బాగుండేది. వడ్ల బస్తాల మధ్య నుంచి అతను నడిచిపోతుంటే, కరుణాకర్ ముఖం స్టీరింగ్‌కు ఆనించుకుని, సిగ్గుతో లోపలంతా కాలిపోతూ కూర్చున్నాడు.

కౌన్సెలింగ్‌లో ప్రేమ్‌సింగ్ భూపాలపల్లి పెట్టుకున్నాడు. బడిలో అందరూ ఆశ్చర్యపోయారు, కరుణాకర్ ఒక్కడే పోలేదు. కారు నువ్వే తీసుకుపో తమ్మీ అని అడగడానికి స్టాఫ్ రూంలో రెండుసార్లు దగ్గరికి పోయాడు. "కారు మీ పేరు మీదున్నది సార్" అన్నాడు ప్రేమ్‌సింగ్, పేపర్లు దిద్దుకుంటూ. చివరికి స్వప్నే పోయి శోభతో చెప్పింది. "అవ్వ పాట మా వాకిట్ల ఎందుకక్కా? కాగితాలు మీ పేరు మీదికి చేపిస్తున్నం. మా ముఖం చూసి కాదు, ఆమె కోసం తీస్కపోన్రి." ఆ మాటకు వాళ్లు ఒప్పుకున్నారు.

ఇచ్చే ముందు ఆదివారం కరుణాకర్ ఒక్కడే ట్యూనింగ్‌కు కూర్చున్నాడు. ప్లగ్గులు విప్పితే అవే పాతవి. ప్రేమ్‌సింగ్ గరుకు కాగితం గీతలు వాటి మీద అలాగే ఉన్నాయి. జీవితంలో మొదటిసారి, మోసపోయినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. మెల్లగా తుడిచి బిగించాడు. పానా ఎవరూ అందించలేదు, ప్రతిదానికీ లేచి తీసుకోవాల్సొచ్చింది.

అంతా అయ్యాక బానెట్ మూయలేదు. దాని మీదికి వంగి నిలబడ్డాడు. ఎదురింటి అరుగు మీద ఎర్రయ్య, పక్కింటి ఆడవాళ్లు, గడపలో స్వప్న, అందరూ అలవాటు ప్రకారం నోరు మూసుకుని ఉన్నారు. కారు నాదేనని ఇన్నేళ్లూ వీళ్లందరికీ తోచనిచ్చింది తనే. గొంతులోనే చెబుదామనుకున్నాడు. అది సరిపోదనిపించి, వాడంతా వినేలా అన్నాడు.

"ఈ కారు ఇద్దరిది. ప్రేమ్‌సింగ్ సారు మా బళ్లె సైన్సు చెప్తడు, నా తమ్ముని లెక్క. బామ్మర్ది ముంగట నామోషీ అయ్యి అబద్ధమాడిన. కమ్లవ్వ పాట తుడిచెయ్యమన్నది గూడ నేనే. తప్పయింది తమ్మీ."

ఎర్రయ్య తల వంచుకున్నాడు. ఒకరి సిగ్గు అంత దగ్గర నుంచి చూడటం ఎవరికీ ఇష్టం ఉండదు. కరుణాకర్ బానెట్ దించి, మొదటిసారి రెండు అరచేతులతో టక్కుమనేదాకా నొక్కాడు.

వాళ్లు సామాను సర్దుకుని పోయారు. కరుణాకర్ బస్సులో బడికి పోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు శోభ స్వప్నకు ఫోన్ చేసింది. పాట వినడానికి ప్రేమ్‌సింగ్ రోజూ పొద్దున ఇంజన్ తిప్పుతాడట, పాట చివరి ముక్క పడగానే గేరు వేసేస్తాడట. ఎనకున్నది ఎరికే గద, మల్ల ఇనుడెందుకు అంటాడట.

"ఇంకా ఎనక ఏమున్నదో నేను వాళ్లకు చెప్పనా?" అంది స్వప్న, ఫోన్ పెట్టేశాక.

"వద్దు" అన్నాడు కరుణాకర్. తన తప్పును దాటుకుని వచ్చి తన క్షమాపణ వినమని ఏ మొహంతో అడుగుతాడు? ఆ మాట భూపాలపల్లి రోడ్ల మీద, మసిలో, ఎవరూ వినకుండా తిరుగుతోందన్న సంగతి అతన్ని ప్రతి పొద్దునా బస్టాండులో పట్టుకునేది.

చలికాలం వచ్చింది. ఒక సాయంత్రం కరుణాకర్ చొక్కా విప్పుతుండగా ఫోన్ మోగింది. తెర మీద ప్రేమ్ అని ఉంది. ఎత్తాడు. అటునుంచి మాట లేదు, ఒకటే హారన్లు. ఎవరో దూరంగా, బొగ్గు లారీ అడ్డం పడ్డదని, ఇప్పట్లో కదలదని అరుస్తున్నారు. వాటి కింద ఇంజన్ చప్పుడు. ఆ చప్పుడులో తన గొంతే, వణుకుతూ, చివరి మాట అంటోంది. తప్పయింది తమ్మీ.

అప్పుడు ప్రేమ్‌సింగ్ మాట్లాడాడు. "బ్యాటరీ డౌనున్నది. బంద్ చేస్తే మల్ల స్టార్ట్ గాదని ఇంజన్ అట్లనే ఉంచిన. మొత్తం ఇన్న."

కరుణాకర్ సగం విప్పిన చొక్కాతోనే మంచం అంచున కూర్చున్నాడు.

"బండి గుంజుతలేదు. ప్లగ్గులు తుడవాలె. ఈడ అందరు షోరూంల ఇయ్యమంటున్నరు."

"ఇయ్యకు" అన్నాడు కరుణాకర్, వెంటనే.

"అయితే ఆదివారం రా అన్నా" అని ఫోన్ పెట్టేశాడు ప్రేమ్‌సింగ్.

ఆదివారం చీకటితోనే లేచి, ప్లగ్గు పానా, గరుకు కాగితం, ఉతికిన గుడ్డపేలిక సంచీలో వేసుకున్నాడు కరుణాకర్. స్వప్న జొన్నరొట్టెల డబ్బా పైన పెట్టింది. హనుమకొండలో బస్సు మారి, షోరూం ముందు నుంచి పోతున్నప్పుడు తల వంచుకుని కూర్చున్నాడు. ఏ మొహం పెట్టుకుని ప్రేమ్‌సింగ్ గుమ్మం ముందు నిలబడాలో భూపాలపల్లి వచ్చేదాకా తెలియలేదు. తెలియకుండానే దిగాడు.